బతికినవాళ్ళ పేర్లు ఎక్కడ రాస్తాం?

ఈ సంచికకి నేను రాయాలనుకున్న సంపాదకీయం ఇది కాదు. పంచాయతీల్లో గెలిచిన స్త్రీల గురించి రాద్దామని కాగితాలు, కత్తిరింపులు అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఈలోగా ఒక ఊరు వెళ్ళాల్సివచ్చింది. వెళ్ళొచ్చాక ఆ కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టేశాను.

ఆ ఊరు నాకు కొత్త కాదు. చాలా ఏళ్ళ క్రితం అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. నాలుగోరోజున నిజనిర్ధారణ కమిటీలో సభ్యురాలిగా వెళ్ళాను. ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని అక్కడి ఆడవాళ్ళే అడిగారు, ఎందుకో ముందుముందు చెబుతాను. ఆనాడు మేం చనిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాం, తల్లులతో, భార్యలతో మాట్లాడాం, తూటా ఎటునుంచి ఎటు పోయిందో రాసుకున్నాం, ఖాళీ గుళ్ళ తొడుగులు ఏరి ఫోటోలు తీశాం. ఇరవై పేజీలకి పైగా రిపోర్టు వేశాం. ప్రెస్‌మీట్ పెట్టాం. ఆ రిపోర్టు మొన్న మళ్ళీ తీసి చూశాను. గాయపడినవాళ్ళ గురించి అందులో ఒకే ఒక్క వాక్యం వుంది: 'మరికొందరికి తీవ్ర గాయాలయ్యాయి, వారు చికిత్స పొందుతున్నారు.' ఆ చికిత్స ఇన్నేళ్ళయినా పూర్తికాలేదని నాకు మొన్ననే తెలిసింది.

వర్ధంతి సభకి పిలిస్తే వెళ్ళాను. ఎప్పటిలాగే స్థూపం దగ్గర పూలు, పాటలు, ఉపన్యాసాలు. అమరుల భార్యల్ని వేదిక మీద కూర్చోబెట్టారు. అంతా అయ్యాక సభకి వచ్చినవాళ్ళు భోజనాల దగ్గరికి కదులుతుంటే ఒకామె నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. నలభైయ్యయిదేళ్ళుంటాయేమో. "చచ్చినోళ్ళ పేర్లు రాయి మీద చెక్కించారు. మంచిదే. బతికినోడి పేరు ఎక్కడ రాస్తారమ్మా?" అంది. కోపంగా అడగలేదు. రేషన్‌కార్డులో పేరు ఎక్కడ ఎక్కించాలో అడిగినట్టు అడిగింది.

ఆమె భర్తకి ఆరోజు తొడలోంచి తూటా దూసుకుపోయింది. అతను ముందువరసలో కూడా లేడు. గొడవ మొదలైందని తెలిసి తమ్ముణ్ణి వెనక్కి తీసుకురావడానికి వెళ్ళాడు.

"కాలికే కదా తగిలింది, బతికిపోయాడు" అని ఊళ్ళో అందరూ అన్నారట. మేమూ అలాగే అనుకుని వుంటాం, లేకపోతే ఆ ఇంటికి ఎందుకు వెళ్ళలేదు? గుంపుల్ని చెదరగొట్టేటప్పుడు నడుము కిందే కాల్చాలి అనే మాట ఎంతగా చెలామణీలో వుందంటే, నడుము కింద మనిషికి పెద్దగా ఏమీ లేదని మనమే నమ్మేస్తున్నాం. తొడలో శరీరంలోని పెద్ద రక్తనాళాల్లో ఒకటి వుంది, అది తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. శరీరంలో అన్నిటికన్నా పెద్ద ఎముక వుంది. దానికి పైన మూత్రకోశం, పేగులు, స్త్రీలకి గర్భసంచి వున్నాయి. రైఫిల్ తూటా మనం సినిమాల్లో చూసినట్టు చిన్న చిల్లు పెట్టి ఆగిపోయేది కాదు. లోపలికి పోయినచోట చిన్న గుర్తే వుంటుంది. కానీ దాని వేగానికి చుట్టూ వున్న కండ, నరాలు నలిగిపోతాయి, ఎముకకి తగిలితే ఎముక ముక్కలే మళ్ళీ చిన్నచిన్న తూటాలై లోపల చీల్చుకుంటూ పోతాయి, బయటికి వచ్చేచోట పిడికిలంత గుంట పడొచ్చు. తూటాతోపాటు బట్ట పీలికలు, మట్టి లోపలికి పోతాయి. అందుకే చీము. ఎముకలో పట్టిన చీము మానినట్టే కనపడి ఏడాదికో, రెండేళ్ళకో మళ్ళీ పుండై తెరుచుకుంటుంది. ఆమె భర్తకి అదే జరిగింది. మూడు ఆపరేషన్లు, ఒక రాడ్డు వేయడం, ఆ రాడ్డు తీయడం. కాలు రెండంగుళాలు పొట్టి అయింది. ఇప్పటికీ వానాకాలం వస్తే పుండు నుంచి నీరు కారుతుంది.

తీయలేక లోపలే వదిలేసిన లోహపు ముక్కలు చాలామంది శరీరాల్లో వుంటాయి. తీస్తే నరం దెబ్బతింటుందని డాక్టర్లు వదిలేస్తారు, అది చాలాసార్లు సరైన నిర్ణయమే. కానీ కీలులో ఇరుక్కున్న సీసం మెల్లగా రక్తంలో కలుస్తుందనీ, ఏళ్ళ తర్వాత కడుపునొప్పి, నీరసం, రక్తహీనత వస్తే దీన్ని కూడా అనుమానించాలనీ ఇంటికి పంపేటప్పుడు ఎవరు చెబుతున్నారు? ఇలాంటివాళ్ళు చివరికి చేరేది ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి. అతను సెలైన్ ఎక్కించి పంపిస్తాడు.

ఇక వెన్నుపూసకి తగిలినవాళ్ళ సంగతి. నడుము కింద స్పర్శ వుండదు. మూత్రానికి గొట్టం. రెండుగంటలకోసారి పక్కకి తిప్పకపోతే పడక పుండ్లు పడతాయి, ఆ పుండ్లతోనే ప్రాణాలు పోతాయి. రెండుగంటలకోసారి అంటే రాత్రి కూడా అని. ఏ ఇంట్లోనైనా ఆ రెండుగంటలకోసారి లేచేది ఎవరో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పేగుకి తగిలితే పొట్టకి పక్కన రంధ్రం చేసి సంచి తగిలిస్తారు. ఆ సంచి మార్చేది, కడిగేది ఎవరు? కూలికి పోయి వచ్చి, వండి, పిల్లల్ని పడుకోబెట్టి, అప్పుడు ఆ పని. తూటా ఒక్కరికి తగిలిందని లెక్క రాసుకుంటాం. ఆ ఇంట్లో పదేళ్ళపాటు నిద్రలేకుండా బతికిన మనిషిని ఏ ఖాతాలోనూ రాయం.

నేను అడిగిన మరో ప్రశ్నకి ఆమె నవ్వి తల తిప్పుకుంది. తర్వాత తనే చెప్పింది. ఆసుపత్రిలో వుండగా డాక్టర్లు అతన్ని అన్నీ అడిగారట, కాలు కదులుతోందా, విరేచనం అవుతోందా అని. భార్యాభర్తలుగా ఎలా వుంటారని ఎవ్వరూ అడగలేదు, ఈమెకి అడగడానికి నోరు రాలేదు. అప్పటికామెకి ఇరవైతొమ్మిదేళ్ళు. దీన్ని బయటికి చెప్పడమే తప్పన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది. మన రిపోర్టుల్లో ఇలాంటి మాటకి చోటు లేదు. వుండాలని నేననుకుంటున్నాను.

ఇప్పుడు, ఊరి పేరు ఎందుకు రాయలేదో చెబుతాను. కేసులు. కాల్పుల్లో గాయపడిన మనిషి పోలీసు రికార్డుల్లో బాధితుడు కాడు, ముద్దాయి. మారణాయుధాలతో గుమిగూడటం, అధికారుల విధులకి ఆటంకం కలిగించడం, హత్యాయత్నం. ఒంటిమీద తూటా గాయమే అతను అక్కడ వున్నాడనడానికి సాక్ష్యం. అందుచేత గాయం ఎంత పెద్దదైతే నేరం అంత పెద్దదవుతుంది! ఆసుపత్రికి వెళితే మెడికోలీగల్ కేసు రాస్తారు, పోలీసులు వస్తారు, మంచం పక్కనే కానిస్టేబుల్ కూర్చుంటాడు. ఆ భయంతో గాయం దాచుకుని ఇంట్లో పసుపు పెట్టి కట్టుకున్నవాళ్ళు, బంధువుల ఊళ్ళకి పోయి ఆర్‌ఎంపీ చేత కుట్లు వేయించుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో వున్నారు. వాళ్ళ దగ్గర ఏ కాగితమూ లేదు. తర్వాత ఎప్పుడైనా నష్టపరిహారం గురించి మాట వస్తే, 'నీకు తగిలినట్టు ఆధారం ఏది?' అంటారు. కాగితం వుంటే ముద్దాయి, లేకపోతే అబద్ధాలకోరు.

ఈమె భర్త కూడా కర్రల సాయంతో కోర్టు వాయిదాలకి తిరిగాడు. పొద్దున్నే బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోవడం, మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడటం, వాయిదా పడిందని చెబితే తిరిగిరావడం. తోడు ఆమె. అంటే ప్రతి వాయిదాకీ రెండు కూళ్ళు పోయినట్టు. ఆసుపత్రిలో అతనికి అయిన అప్పుకన్నా కోర్టుకి అయిన అప్పు తక్కువేమీ కాదంది.

మన రాష్ట్రాల్లో కాల్పులు జరిగిన చోట్ల పేర్లు మనకి కంఠతా వచ్చు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద జరిగిన కాల్పుల్లో ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు, చనిపోయింది అంతకి ఎన్నోరెట్లని ఆదివాసులు, హక్కుల సంఘాలు చెబుతూనే వున్నారు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుకి వ్యతిరేకంగా హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శన మీద కాల్పుల్లో ముగ్గురు. 2007 జూలై 28న భూమి కోసం జరిగిన బంద్ రోజు ఖమ్మం జిల్లా ముదిగొండలో ఏడుగురు. 2010 జూలై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల నేలల్ని థర్మల్ ప్లాంటుకి ఇవ్వొద్దన్నందుకు ఇద్దరు. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో మరో ఇద్దరు. సోంపేటలో కాల్పులు జరిగిన రోజునే ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దు చేసింది. ఆ వార్త ఒక్కరోజు ముందు వచ్చివుంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

చూశారా, నేనూ అదే చేశాను. ముగ్గురు, ఏడుగురు, ఇద్దరు. ప్రతిచోటా వీళ్ళకి ఎన్నోరెట్ల మంది గాయపడ్డారు. ఆ సంఖ్య నాకు కంఠతా రాదు. మీలో ఎవరికైనా వచ్చా? గాయపడినవాళ్ళు మన జ్ఞాపకంలో 'మరికొందరు'గా మిగిలిపోయారు. ఎన్నికల నినాదంలో, పాటలో, స్థూపం మీద పనికివచ్చేది మరణమే. బతికిన మనిషి ఇబ్బందికరం. మందులకి డబ్బులు అడుగుతాడు. ఒకోసారి తాగుతాడు. ఉద్యమం మీద విసుక్కుంటాడు, 'మీ మాట విని వచ్చాను' అని మొహంమీదే అంటాడు. ఉద్యమాల్లో వున్న మనకి అతని ఇంటికి వెళ్ళడం కష్టంగా వుండేది ఇందుకేనని ఒప్పుకుందాం.

స్త్రీకే తూటా తగిలితే? బీల నేలల కోసం, కాకరాపల్లి తంపర కోసం జరిగిన పోరాటాల్లో ఆడవాళ్ళు ఎంత పెద్దసంఖ్యలో ముందు నిలబడ్డారో మనకి తెలుసు. అలాంటిచోట్ల లాఠీలూ తూటాలూ ఆడా మగా చూడవు. కానీ గాయం తర్వాత జీవితం చూస్తుంది. భర్త మంచం పడితే భార్య పదేళ్ళు సేవ చేస్తుంది, చేయకపోతే ఊరు ఊరుకోదు. భార్య మంచం పడితే, నేను చూసినంతవరకు, మూడు నాలుగు నెలల్లో పుట్టింటికి చేరుతుంది. 'బాగయ్యాక తీసుకొస్తాం' అంటారు. తల్లి వున్నంతకాలం తల్లి చూస్తుంది. పెళ్ళికాని పిల్లకి చేతిమీదో, మెడమీదో గాయం మచ్చ వుంటే సంబంధాలవాళ్ళకి దాన్ని ఏమని చెప్పాలన్నదే ఇంటిల్లిపాదికీ సమస్య. 'చిన్నప్పుడు నూనె పడింది' అని చెప్పించిన తల్లి నాకు తెలుసు. పోరాటంలో తగిలిన దెబ్బని మగవాడు చొక్కా విప్పి చూపించుకోగలడు. ఆడపిల్ల నూనె పడిందని చెప్పుకోవాలి.

తుపాకి పోలీసుల చేతిలోనే వుండదు. ఇన్‌ఫార్మరన్న ముద్రవేసి నక్సలైట్లు కాల్చినప్పుడు, ప్రాణంతో బయటపడ్డ మనిషి కుటుంబంతో ఊళ్ళో మాట్లాడేవాళ్ళు వుండరు. నీళ్ళ దగ్గర ఆ ఇంటి ఆడవాళ్ళకి చోటు ఇవ్వరు. అతను నిజంగా సమాచారం ఇచ్చాడా లేదా అన్నది ఆ భార్యకీ తెలియకపోవచ్చు. కాల్పుల్లో కాలు పోయిన కానిస్టేబుల్ భార్య చేసే చాకిరీ, ఈమె చేసే చాకిరీ ఒకటే. ఒక తేడా వుంది. అతనికి జీతం వుంది, డిపార్ట్‌మెంట్ వుంది, వైద్యఖర్చులు వచ్చే దారి వుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో అడవిపందుల కోసం దాచుకున్న నాటుతుపాకులు పేలి కళ్ళు, వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళయితే అసలు ఆసుపత్రికే రారు, లైసెన్సు లేని తుపాకి అంటే కేసు కనుక. కాశ్మీర్‌లో 2016లో పెల్లెట్ తుపాకులతో వందలాదిమంది కళ్ళు దెబ్బతిన్నాయి, వాళ్ళలో కిటికీలోంచి బయటికి చూసిన ఆడపిల్లలు కూడా వున్నారు. ప్రాణాలు తీయని ఆయుధం అని దానికి పేరు! చూపు పోయినా ప్రాణం వుంది కదా అన్నమాట.

మనవాళ్ళున్న మరోచోట జరిగింది కూడా చెప్పాలి. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో ఒక జాత్యహంకారి 'మా దేశం నుంచి పొండి' అన్న ద్వేషంతో కాల్పులు జరిపితే కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయాడు. అతని స్నేహితుడు మాదసాని అలోక్ గాయపడ్డాడు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. ఆ వార్త ఇక్కడ పేపర్లలో ఎన్నిరోజులు వచ్చిందో గుర్తుండే వుంటుంది. శ్రీనివాస్ భార్య సునయన దుమాలకి భర్తతోపాటు ఆ దేశంలో వుండే హక్కు కూడా పోయిందని చాలామంది గమనించలేదు. ఆమె వీసా హోదా భర్త వీసాకి ముడిపడివుంది. అంత్యక్రియలకి ఇండియా వస్తే తిరిగి తన ఇంటికి, తన వుద్యోగానికి వెళ్ళగలదో లేదో తెలియని స్థితి. అక్కడి ఒక ప్రజాప్రతినిధి కలగజేసుకుంటే తప్ప ఆమె వెనక్కి వెళ్ళలేకపోయింది. తర్వాత ఆమె ద్వేషహింసకి వ్యతిరేకంగా, వలస వచ్చినవాళ్ళ కోసం పనిచేసే సంస్థ పెట్టింది. మన పల్లెలో పట్టా భర్త పేరుమీద, పింఛను భర్త పేరుమీద, అక్కడ వీసా భర్త పేరుమీద. తూటా తగిలేది ఒకరికి, కాళ్ళకింద నేల పోయేది మరొకరికి. సముద్రాలు దాటినా ఈ విషయంలో తేడా ఏమీ కనపడలేదు నాకు.

మళ్ళీ ఊరి దగ్గరికి వస్తాను. ఊరు అంటే గాయపడినవాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ మాత్రమే కాదు. ఆ కాల్పులు చూసిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. దీపావళికి ఆ వీధిలో చాలా ఏళ్ళు టపాకాయలు కాల్చలేదట. ఎవరో నిషేధించి కాదు. ఒకసారి ఎవరో కుర్రాడు బాంబు పేలిస్తే ఒక ముసలామె మంచం కింద దూరి తెల్లారేదాకా బయటికి రాలేదు. ఆ తర్వాత అందరూ మానేశారు. జీపు చప్పుడైతే మగవాళ్ళు చేలల్లోకి పోవడం అలవాటైపోయింది, ఆ చప్పుడికి ఇంట్లో మిగిలి సమాధానం చెప్పాల్సింది ఆడవాళ్ళు. పోరాటంలో వున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మాటలు లేవు. పరిహారం అందిన ఇంటికీ అందని ఇంటికీ మాటలు లేవు. ఇంద్రవెల్లి స్థూపం దగ్గర ఏప్రిల్ 20న గుమిగూడనివ్వకుండా ఏళ్ళతరబడి ఆంక్షలు పెట్టారు. ఏడవడానికి కూడా పర్మిషన్ కావాలన్నమాట. దుఃఖాన్ని నలుగురిలో చెప్పుకోనివ్వకపోతే అది ఇళ్ళలోకి పోతుంది. ఇళ్ళలోకి పోయిన దుఃఖం ఎవరి వీపుమీద తేలుతుందో మన సంఘాల దగ్గరికి వచ్చే కేసులు చెబుతూనే వున్నాయి.

చట్టం ఏమంటోందో చూద్దాం. గుంపుని చెదరగొట్టే అధికారం సి.ఆర్.పి.సి. 129 సెక్షన్ ఇచ్చేది, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148 సెక్షన్ వచ్చింది. సదుద్దేశంతో కాల్చిన అధికారిమీద ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడపకూడదన్న రక్షణ పాత చట్టంలో 132లో వుండేది, కొత్తదాంట్లో 151లో వుంది. సెక్షన్ల నెంబర్లు మారాయి, అంతే. గాయపడినవాళ్ళకి ఆలస్యం లేకుండా వైద్యం అందించాలని, బంధువులకి తెలియజేయాలని 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సూత్రాలు చెబుతున్నాయి. పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయాల్సిన బాధ్యత ప్రతి డాక్టరుకీ వుందని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కార్యకర్తలుగా మనం ఆసుపత్రి వరండాలో నిలబడి గట్టిగా చెప్పాల్సిన తీర్పు అది. ఎన్‌కౌంటర్ మరణాల గురించి పి.యు.సి.ఎల్. కేసులో 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల గురించి మనం చాలా మాట్లాడాం. గాయపడిన వ్యక్తికి వైద్యం చేయించి, మేజిస్ట్రేటు గానీ డాక్టరు గానీ వాంగ్మూలం తీసుకోవాలని అందులో వుంది. ఎన్‌కౌంటర్లో తీవ్రంగా గాయపడిన కేసుల్లో కూడా వీలైనంతవరకు ఈ సూత్రాలే పాటించాలని వుంది. ఈ రెండు మాటల్ని మనలో ఎంతమంది వాడుకున్నారు?

పరిహారం సంగతి మరీ చిత్రంగా వుంది. నేరాల బాధితులకి పరిహారం ఇచ్చే పథకం లీగల్ సర్వీసెస్ అథారిటీ ద్వారా నడుస్తోంది. కానీ కాల్పులు రికార్డు ప్రకారం నేరం కాదు కదా. నేరం చేసింది గాయపడినవాడు! అతను బాధితుడని నిరూపించుకోవాలంటే ముందు ముద్దాయి కాదని నిరూపించుకోవాలి. నిలబతి బెహరా కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పినట్టు రాజ్యం చేసిన హక్కుల ఉల్లంఘనకి నేరుగా పరిహారం అడిగే దారి వుంది, హైకోర్టులో రిట్ వేయాలి. ఊళ్ళో మందుల షాపుకే వెళ్ళలేని మనిషి హైకోర్టుకి ఎలా వెళతాడని అడగొచ్చు. వెళ్ళాల్సింది అతను కాదు, మనం.

వికలాంగుల పింఛనుకి వస్తే, 2016 చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ వుంటే సర్టిఫికెట్. సదరం క్యాంపులో అతని పొట్టి కాలుకి శాతం వేశారు. ఎముకలోని చీముకి, రాత్రంతా పీకే నొప్పికి ఏ శాతమూ లేదు, ఆ 21లో నొప్పి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. ఇది చిన్న విషయమేమీ కాదు, ఆ డబ్బుతోనే చాలా ఇళ్ళు నిలబడివున్నాయి. 2025లో ఆంధ్రలో సర్టిఫికెట్లు మళ్ళీ తనిఖీ చేస్తామన్నప్పుడు ఆ ఇళ్ళలో ఎంత భయం పుట్టిందో అందుకే అర్థమవుతుంది. అయితే ఎక్కువ సహాయం అవసరమైనవాళ్ళకి సంరక్షకుల భత్యం ఇవ్వాలని కూడా ఆ చట్టంలో వుంది. అది భర్త పింఛనులో కలిపేసి కాకుండా, సేవ చేసే మనిషి పేరుమీద, ఆమె ఖాతాలో రావాలని మనం అడగాలి. ఆమె చేసేది ప్రేమ కావచ్చు, ధర్మం కావచ్చు. పని కూడా.

నిజనిర్ధారణకి వెళ్ళే మిత్రులకి ఒక మాట. నాకు చెప్పుకోవడానికి అర్హత లేకపోయినా చెబుతున్నాను. మృతుల ఇళ్ళయ్యాక వెనక్కి తిరగొద్దు. ఆసుపత్రి వార్డులోకి వెళ్ళండి. వూండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు నకళ్ళు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి సంఘం దగ్గర వుంచండి. వరదలకి, చెదలకి, ఇల్లు మారినప్పుడు ఈ కాగితాలే ముందు పోతాయి. ఆసుపత్రికి వెళ్ళకుండా దాచుకున్నవాళ్ళని ఆడవాళ్ళ ద్వారానే కనుక్కోగలం, వాళ్ళకి నమ్మకమైన డాక్టర్ని, వకీలుని ఒకేసారి తీసుకెళ్ళాలి, ఒకర్ని తీసుకెళితే లాభం లేదు. ఆరునెలలకి మళ్ళీ వెళ్ళండి. రెండేళ్ళకి వెళ్ళండి. ఎముకకి చీము పట్టేది అప్పుడే, అప్పు వడ్డీ అసలుని దాటేది అప్పుడే, భర్తలు చెయ్యి ఎత్తడం మొదలయ్యేదీ అప్పుడే. భార్యతో విడిగా కూర్చోండి. మంచంమీదున్న మనిషి వినికిడిలో ఆమె ఏమీ చెప్పదు. ప్రతి డిమాండు పత్రంలో కేసుల ఎత్తివేత, జీవితకాల వైద్యం, ఈ రెండూ నష్టపరిహారంకన్నా ముందు వుండాలి. కృత్రిమ కాలు ఒకసారి ఇప్పించి ఫోటో దిగితే సరిపోదు, కొన్నేళ్ళకి అది అరిగిపోతుంది, మళ్ళీ కావాలి.

ఆమె నన్ను బస్సు దాకా దిగబెట్టింది. వెళ్ళేముందు నా సంచిలోంచి నోటుబుక్కు తీసి భర్త పేరు, తగిలిన తేదీ, ఆపరేషన్లు జరిగిన తేదీలు రాసుకున్నాను. తేదీలన్నీ ఆమెకి నోటికి వచ్చు. ఇంకా ఎవరెవరికి తగిలిందని అడిగితే ఆమె వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బస్సు వచ్చేసరికి పదకొండు పేర్లయ్యాయి, అందులో మూడు ఆడవాళ్ళవి. ఆనాటి మా రిపోర్టులో ఆ పదకొండులో ఒక్క పేరూ లేదు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి ఇంకో పేరు చెప్పింది.

ఆ నోటుబుక్కుని వచ్చే నెల నుంచి మన సంఘం ఆఫీసులో రిజిస్టరుగా మారుస్తున్నాం. మీ ప్రాంతాల్లో కాల్పుల్లో గాయపడి బతికినవాళ్ళ వివరాలు, ఎవరి తుపాకి అన్నదానితో నిమిత్తం లేకుండా, రాసి పంపండి. కేసులున్నవాళ్ళ పేర్లు అచ్చు వేయం. వాళ్ళని చూసుకుంటున్నవాళ్ళ పేర్లు కూడా తప్పకుండా రాయండి, దానికి పక్కనే ఒక గడి పెట్టాం.